చిప్ కంపెనీ ఫలితాల రాత్రి: మేల్కొని కూర్చునే ముందు వేసుకోవలసిన లెక్క

ఇంటర్ ఎంపీసీలో వెయ్యికి 970 వచ్చినా ఇంట్లో అందరూ మొహాలు వేలాడేసుకుని కూర్చోవడం హైదరాబాద్‌లో కొత్తేమీ కాదు. వాళ్లు 985 అనుకున్నారు మరి. చిప్ కంపెనీ షేరుదీ అదే కథ. 2024 ఆగస్టు 28న ఎన్విడియా ప్రకటించిన త్రైమాసిక ఆదాయం 30.04 బిలియన్ డాలర్లు. అంతకు ముందు ఏడాది ఇదే త్రైమాసికం కంటే 122 శాతం ఎక్కువ. అనలిస్టుల సగటు అంచనా 28.7 బిలియన్ల దగ్గర ఉంది, దాన్నీ దాటింది. తర్వాతి త్రైమాసికానికి కంపెనీ చెప్పిన 32.5 బిలియన్లు కూడా సగటు అంచనా కంటే ఎక్కువే. మర్నాడు షేరు 6.4 శాతం పడింది.

రాయదుర్గం, గచ్చిబౌలి ఆఫీసుల్లో క్వాల్కమ్, ఏఎండీ, మైక్రాన్, ఎన్విడియా ఉద్యోగులు వేలల్లో ఉన్నారు. జీతంలో కొంత ఆర్‌ఎస్‌యూల (విడతల వారీగా చేతికి వచ్చే కంపెనీ షేర్ల) రూపంలో వస్తుంది. ఆ కంపెనీల్లో లేకపోయినా యాప్ ద్వారా అమెరికా షేర్లు కొన్నవాళ్లు ఇంకెందరో. "అంత బాగా వస్తే ఎందుకు పడింది?" అని పొద్దున్నే తల పట్టుకునే బదులు, ఫలితాలకు వారం ముందే ఒక షీట్ వేసుకోండి. మొదటిసారి గంట పడుతుంది, తర్వాత నుంచి ఇరవై నిమిషాలు చాలు. డబ్బు కట్టి కొనాల్సింది ఏదీ లేదు. కంపెనీ ఇన్వెస్టర్ రిలేషన్స్ పేజీలోని పాత ప్రెస్ రిలీజులు, అమెరికా ఎస్‌ఈసీ (మన సెబీ లాంటి సంస్థ) వారి ఎడ్గర్ సైట్, ఒక స్ప్రెడ్‌షీట్ ఉంటే సరిపోతుంది.

అంకెలన్నీ బిలియన్లలోనే రాసుకోండి. 1 బిలియన్ అంటే 100 కోట్లు. మధ్యలో కోట్లలోకి, మిలియన్లలోకి మారిస్తే సున్నాలు తప్పుతాయి.

మొదట క్యాలెండర్

మనకు ఆర్థిక సంవత్సరం అంటే ఏప్రిల్ నుంచి మార్చి. చిప్ కంపెనీలు తలో దారి. ఎన్విడియా సంవత్సరం జనవరి చివరి ఆదివారం ముగుస్తుంది. అందుకే 2025 అక్టోబరులో ముగిసిన త్రైమాసికాన్ని వాళ్లు 2026 ఆర్థిక సంవత్సరం మూడో త్రైమాసికం అంటారు. క్వాల్కమ్‌ది సెప్టెంబరు చివరి ఆదివారం, కాబట్టి డిసెంబరుతో ముగిసేది వాళ్లకు మొదటి త్రైమాసికం. మైక్రాన్‌ది ఆగస్టు ఆఖరు లేదా సెప్టెంబరు మొదట్లో. ఏఎండీ, ఇంటెల్ డిసెంబరు చివరి శనివారం. రెండు కంపెనీల "క్యూ3"లను పక్కపక్కన పెట్టి పోల్చేవాళ్లు ఎక్కువగా ఇక్కడే బోల్తా పడతారు. షీట్‌లో త్రైమాసికం నంబరు కాకుండా అది ముగిసిన నెల రాయండి.

ఇంకో చిన్న మెలిక. వారం చివరి రోజుతో సంవత్సరం ముగించే కంపెనీలకు అయిదారేళ్లకోసారి 53 వారాల సంవత్సరం వస్తుంది. ఎన్విడియాకు 2021 జనవరి 31తో ముగిసిన త్రైమాసికంలో 13 కాదు, 14 వారాలున్నాయి. అదనపు వారం అంటే దాదాపు 7.7 శాతం ఎక్కువ రోజులు. ఆ ఒక్క వారం వల్లే వృద్ధి కాస్త ఉబ్బి కనిపిస్తుంది, మరుసటి ఏడాది అదే త్రైమాసికంలో తగ్గి కనిపిస్తుంది. ఆ త్రైమాసికం పదమూడు వారాలదో, పద్నాలుగు వారాలదో ఓసారి చూసుకోండి.

సమయం సంగతి. న్యూయార్క్ మార్కెట్ వేసవిలో మన రాత్రి 1:30కి, చలికాలంలో 2:30కి మూతపడుతుంది. అక్కడ గడియారాలు మార్చి రెండో ఆదివారం, నవంబరు మొదటి ఆదివారం మారతాయి. ఎన్విడియా రిలీజు మామూలుగా మార్కెట్ మూసిన ఇరవై నిమిషాలకు వస్తుంది, అంటే వేసవిలో 1:50, చలికాలంలో 2:50. కంపెనీ అనలిస్టులతో మాట్లాడే కాన్ఫరెన్స్ కాల్ 2:30కి, లేదా 3:30కి. బుధవారం ఫలితాలు అంటే మనకు గురువారం తెల్లవారుజాము. క్యాలెండర్‌లో అలారం పెట్టేటప్పుడు తేదీ తప్పడం మామూలే.

కంపెనీ నోటి మాటను ఈపీఎస్‌గా మార్చడం

ఇన్ఫోసిస్ లాంటి మన ఐటీ కంపెనీ ఏడాది మొత్తానికి కలిపి ఆదాయ వృద్ధి ఇంత శాతం నుంచి ఇంత శాతం అని గైడెన్స్ ఇస్తుంది. చిప్ కంపెనీల్లో ఎక్కువ భాగం వచ్చే మూడు నెలలకే చెబుతాయి, కానీ విడివిడిగా చెబుతాయి. ఎన్విడియా గత ప్రెస్ రిలీజులో "అవుట్‌లుక్" అనే భాగంలో అయిదు అంకెలు దొరుకుతాయి: ఆదాయం, గ్రాస్ మార్జిన్ (అమ్మకంలో తయారీ ఖర్చు పోగా మిగిలే శాతం), నిర్వహణ ఖర్చులు, ఇతర ఆదాయం, పన్ను రేటు. ఎన్విడియా ఆదాయానికి రెండు శాతం అటూ ఇటూ అంటుంది. ఏఎండీ 300 మిలియన్లు అటూ ఇటూ అంటుంది. క్వాల్కమ్ ఆదాయానికీ ఈపీఎస్‌కీ (ఒక్కో షేరుకు వచ్చే లాభానికీ) నేరుగా హద్దులు ఇచ్చేస్తుంది.

ఈ అయిదింటితో ఈపీఎస్ మీరే కట్టవచ్చు. 2025 అక్టోబరు త్రైమాసికానికి ఎన్విడియా ముందుగా చెప్పినవి ఇవి: ఆదాయం 54.0 బిలియన్లు, నాన్-గ్యాప్ (కొన్ని ఖర్చులు పక్కన పెట్టి వేసే లెక్క, కింద చెబుతాను) గ్రాస్ మార్జిన్ 73.5 శాతం, నాన్-గ్యాప్ నిర్వహణ ఖర్చులు 4.2 బిలియన్లు, ఇతర ఆదాయం 0.5 బిలియన్, పన్ను 16.5 శాతం.

54.0ని 0.735తో గుణిస్తే 39.69. అందులోంచి 4.2 తీస్తే 35.49. 0.5 కలిపితే 35.99. పన్ను పోగా మిగిలేది 83.5 శాతం, అంటే 30.05. దాన్ని డైల్యూటెడ్ షేర్ల (ఉద్యోగులకు రాబోయేవి కూడా కలిపిన షేర్ల) సంఖ్య, అప్పట్లో సుమారు 24.5 బిలియన్లతో భాగిస్తే 1.23 డాలర్లు. కంపెనీ నోటితో చెప్పని ఈపీఎస్ ఇదే.

ఇప్పుడు అసలు ఉపయోగపడే ముక్క. నిర్వహణ ఖర్చులు ఆదాయంతో పాటు అప్పటికప్పుడు పెరగవు. కాబట్టి అనుకున్నదాని కంటే 1 బిలియన్ ఎక్కువ అమ్మితే అందులో 73.5 శాతం మార్జినుగా, దాని నుంచి పన్ను పోగా డాలరుకు 61 సెంట్ల వంతున, అంటే 0.61 బిలియన్ నికరంగా మిగులుతుంది. 24.5 బిలియన్ షేర్లకు పంచితే షేరుకు రెండున్నర సెంట్లు. నిజంగా వచ్చిన ఆదాయం 57.01, అంటే 3.01 ఎక్కువ. మూడు రెండున్నరలు ఏడున్నర సెంట్లు. 1.23కి కలిపితే 1.30. కంపెనీ ప్రకటించిన నాన్-గ్యాప్ ఈపీఎస్ కూడా సరిగ్గా 1.30 డాలర్లు.

ఇంత బాగా కలిసిందంటే ఆ త్రైమాసికంలో దాచిన మెలికలు లేవని అర్థం. కలవకపోతే ఎక్కడో ఏదో ఉంది: మార్జిన్ తేడా, పెట్టుబడుల మీద లాభం, పన్నులో ఒకసారి దొరికిన మినహాయింపు, లేదా బైబ్యాక్ వల్ల షేర్ల సంఖ్య తగ్గడం. అంచనాను మించిన ఈపీఎస్ చివరి రెండు కారణాల వల్ల వస్తే దానికి మార్కెట్ పెద్దగా విలువ ఇవ్వదు. ఇవ్వకూడదు కూడా.

అనలిస్టుల సగటు

రెండో గడిలో అనలిస్టుల సగటు అంచనా రాయండి. ఉచితంగా చూపించే సైట్లు చాలా ఉన్నాయి. ఏదైనా సరే, ఒక్కదానికే కట్టుబడండి. ఒకచోట 54.9, ఇంకోచోట 55.1 కనిపిస్తే కంగారు పడనక్కరలేదు, ఎవరెవరిని కలిపి సగటు తీశారన్న తేడా అది. సగటుతో పాటు అతి ఎక్కువ, అతి తక్కువ అంచనాలూ రాసుకోండి. వాటి మధ్య దూరం పెద్దదైతే ఎవరికీ స్పష్టత లేదని అర్థం.

తప్పు జరిగేది గ్యాప్, నాన్-గ్యాప్ కలిపేయడంలో. గ్యాప్ అంటే అమెరికా అకౌంటింగ్ నియమాల ప్రకారం వేసిన లెక్క. నాన్-గ్యాప్‌లో మామూలుగా షేర్ల రూపంలో ఇచ్చే జీతాలు, కొనుగోలు చేసిన కంపెనీల తాలూకు తరుగుదల లాంటివి తీసేస్తారు. కొన్ని కంపెనీల్లో రెండింటికీ పెద్ద తేడా ఉండదు. ఏఎండీలో ఉంటుంది. 2022 ఫిబ్రవరిలో జైలింక్స్ అనే చిప్ కంపెనీని షేర్లతో కొనడం వల్ల పుస్తకాల్లో ఎక్కిన మొత్తం ఏళ్ల తరబడి ఖర్చుగా తరుగుతోంది. 2024 సంవత్సరానికి ఏఎండీ గ్యాప్ ఈపీఎస్ 1.00 డాలరు, నాన్-గ్యాప్ 3.31 డాలర్లు. అనలిస్టుల అంచనా నాన్-గ్యాప్‌లో ఉంటుంది. యాప్‌లో కనిపించే పీఈ (షేరు ధర ఈపీఎస్‌కు ఎన్ని రెట్లు) చాలాసార్లు గ్యాప్ మీద వేస్తారు. ఒకే షేరుకు ఒకరు "పీఈ వందకు పైనే" అని, ఇంకొకరు "ముప్పై దాటింది అంతే" అని వాదించుకుంటుంటే ఇద్దరూ అబద్ధం చెప్పడం లేదు. జైలింక్స్ తరుగుదల లాంటి ఖర్చులను ఒకరు కలిపారు, ఒకరు తీసేశారు.

షేర్ విభజన ఇంకో ఉచ్చు. ఎన్విడియా 2024 జూన్ 10 నుంచి ఒక షేరు పదిగా మారి ట్రేడ్ అవుతోంది. అంతకు ముందటి ప్రెస్ రిలీజుల్లోని ఈపీఎస్‌ను నేరుగా ఎక్కించుకుంటే పదింతలు తేడా వస్తుంది. 2021 జులైలో జరిగిన అంతకు ముందటి విభజన దాకా పాతవన్నీ పదితో భాగించుకోండి.

మార్కెట్ మనసులోని అంకె

కంపెనీ చెప్పిందీ, అనలిస్టులు చెప్పిందీ రాశారు. షేరు ధర కదిలేది మాత్రం మూడో అంకె మీద. దాన్ని ఎవరూ ప్రచురించరు. పాత అలవాటు నుంచే పట్టుకోవాలి. దీని కోసం షీట్‌లో రెండు నిలువు వరుసలు చాలు: కంపెనీ ముందు చెప్పిన ఆదాయం, తర్వాత వచ్చింది. ఎన్విడియాకు అలా వేస్తే ఇలా వస్తుంది.

2023 జులై త్రైమాసికం: చెప్పింది 11.0, వచ్చింది 13.51, తేడా 23 శాతం.
2023 అక్టోబరు: 16.0, 18.12, తేడా 13 శాతం.
2024 జనవరి: 20.0, 22.10, తేడా పదిన్నర శాతం.
2024 ఏప్రిల్: 24.0, 26.04, తేడా ఎనిమిదిన్నర.
2024 జులై: 28.0, 30.04, తేడా 7.3.

ఇప్పుడు మొదట్లో చెప్పిన ఆగస్టు 28 రాత్రికి రండి. అంతకు ముందు నాలుగుసార్లు కంపెనీ తన మాటను 23, 13, పదిన్నర, ఎనిమిదిన్నర శాతం దాటింది. కనీసం ఎనిమిదిన్నర శాతమైనా దాటుతుందనుకున్నవాడి మనసులో అంకె 30.4 దగ్గర ఉంటుంది, పది శాతం అలవాటైనవాడికి 30.8. వచ్చింది 30.04. అనలిస్టుల 28.7తో పోలిస్తే ఘన విజయం, అలవాటుతో పోలిస్తే వరసగా నాలుగోసారి తగ్గిన తేడా. తర్వాతి మూడు నెలలకు చెప్పిన 32.5 ఇప్పుడొచ్చిన దానికంటే ఎనిమిది శాతం మాత్రమే ఎక్కువ. దానికి తోడు కొత్త బ్లాక్‌వెల్ చిప్‌లో దిగుబడి (చేసినవాటిలో పనికొచ్చే చిప్‌ల వాటా) పెంచడానికి మాస్క్ (చిప్ అచ్చు) మార్చామన్న మాట కూడా అదే రోజు వచ్చింది. ఆ 6.4 శాతం ఊరికే రాలేదు.

ఆప్షన్ల ధరలోనూ ఒక సంకేతం ఉంటుంది. ఫలితాల వారంలోనే గడువు తీరే ఆప్షన్లలో, షేరు ధరకు దగ్గరి స్ట్రైక్ (ఒప్పందపు ధర) వద్ద కాల్ (పెరుగుతుందని కొనేది), పుట్ (పడుతుందని కొనేది) రెండింటి ధరలూ కలపండి, షేరు ధరతో భాగించండి. ఉదాహరణకు షేరు 180 డాలర్లు, కాల్ 6.50, పుట్ 6.20 ఉందనుకోండి. మొత్తం 12.70, అంటే ఏడు శాతం. పైకో కిందికో ఏడు శాతం దాకా కదలికకు మార్కెట్ ముందే ధర కట్టిందని దాని అర్థం. ఎటువైపో అది చెప్పదు. ఫలితం బాగుండి షేరు మూడు శాతం కదిలితే "స్పందనే లేదు" అంటూ వార్తలు వస్తాయి చూడండి, అవి ఈ అంకె చూడనివాళ్లు రాసేవి. చూడటం వరకే. ఎల్‌ఆర్‌ఎస్ (విదేశాలకు డబ్బు పంపే ఆర్‌బీఐ పథకం) కింద పంపిన డబ్బుతో విదేశీ ఎక్స్ఛేంజీల్లో మార్జిన్ వ్యాపారం కుదరదు.

శాతాన్ని నమ్మే ముందు బేస్ చూడండి

వృద్ధిని రెండు రకాలుగా వేస్తారు: ఏడాది కిందటి ఇదే త్రైమాసికంతో, లేదా నిన్నమొన్నటి త్రైమాసికంతో. ఫోన్ చిప్‌లు ఎక్కువగా అమ్మే క్వాల్కమ్‌కు డిసెంబరు త్రైమాసికం సహజంగానే బరువు, కాబట్టి దానికి ఏడాది పోలికే సరైనది. ఏఐ చిప్‌ల గిరాకీ పండగలను బట్టి ఉండదు, అక్కడ వెనకటి త్రైమాసికంతో పోలికే ఎక్కువ చెబుతుంది.

ఎన్విడియా ఏడాది వృద్ధి 2024 ఏప్రిల్ త్రైమాసికంలో 262 శాతం. తర్వాత వరసగా 122, 94, 78, 69, 56. గ్రాఫ్ గీస్తే కొండ మీంచి జారినట్టు ఉంటుంది. అదే కాలంలో ఒక్కో త్రైమాసికంలో కొత్తగా చేరిన ఆదాయం చూడండి: 4.0, 5.0, 4.2, 4.7, 2.7 బిలియన్లు. మొదటి నాలుగుసార్లు వ్యాపారం దాదాపు ఒకే వేగంతో పెరుగుతోంది, కింద ఉన్న బేస్ (పోల్చే పాత అంకె) పెద్దదవుతుంటే శాతం తగ్గింది, అంతే. నిజంగా మందగించింది చివరి 2.7 దగ్గర, 2025 జులై త్రైమాసికంలో. దాని వెనక కారణం కూడా ఉంది, కిందే చెబుతాను. ఆ తర్వాత అక్టోబరు త్రైమాసికంలో ఒక్కసారే 10.3 బిలియన్లు చేరి వృద్ధి 62 శాతానికి లేచింది. అందుకే శాతం పక్కనే డాలర్ల వరుస ఒకటి తప్పకుండా పెట్టుకోండి.

ఆ కారణం: 2025 ఏప్రిల్ 9న అమెరికా ప్రభుత్వం చైనాకు ఎన్విడియా హెచ్20 ఏఐ చిప్‌లు పంపాలంటే లైసెన్సు కావాలంది. ఏప్రిల్ త్రైమాసికంలో ఎన్విడియా ఆ సరుకు మీద 4.5 బిలియన్ల నష్టం రాసుకుంది. నాన్-గ్యాప్ గ్రాస్ మార్జిన్ 61.0 శాతానికి పడింది, ఆ నష్టం లేకుండా అయితే 71.3 అని కంపెనీ చెప్పింది. ఇలాంటి మాటను మీరే సరిచూసుకోవచ్చు: 4.5ని ఆ త్రైమాసిక ఆదాయం 44.06తో భాగిస్తే 10.2 శాతం, తేడా దాదాపు అంతే ఉంది. ఆ వెంటనే తర్వాతి త్రైమాసికానికి చెప్పిన 45.0 బిలియన్లలో హెచ్20 వల్ల పోయే సుమారు 8 బిలియన్లు ముందే తీసేసి ఉన్నాయి. ఒక్కసారికే పరిమితమైన ఖర్చును షీట్‌లో విడి గడిలో పెట్టండి. కానీ ఏటా "ఒక్కసారే" అంటూ ఖర్చు చూపించే కంపెనీ అయితే ఆ గడి తీసెయ్యండి. ఏటా వచ్చేది ఒక్కసారి ఖర్చు కాదు.

మెమరీ కంపెనీకి వేరే కళ్లద్దాలు

మైక్రాన్ షీట్‌ను ఎన్విడియా షీట్‌లా చదివితే మునుగుతారు. అది అమ్మే డీర్యామ్, న్యాండ్ మెమరీ చిప్‌లు దాదాపు ఉల్లిగడ్డల్లాంటి సరుకు. ఎవరి దగ్గర కొన్నా ఒకటే కాబట్టి ధరను మార్కెట్టే తేలుస్తుంది. ఏఐ చిప్‌ల పక్కన పెట్టే హెచ్‌బీఎం మెమరీ వచ్చాక ఈ మాట కొంత మారింది గానీ పూర్తిగా మారలేదు.

2022 ఆర్థిక సంవత్సరంలో మైక్రాన్ ఆదాయం 30.76 బిలియన్లు. 2023లో 15.54, అంటే సగానికి. 2024లో 25.11, అంటే 62 శాతం వృద్ధి. 62 శాతం అనగానే కళ్లు మెరుస్తాయి, కానీ రెండేళ్ల కిందటి కంటే ఇంకా 18 శాతం తక్కువ. 2025లో 37.38 వచ్చాకే పాత శిఖరాన్ని దాటింది. అందుకే మెమరీ కంపెనీకి ఏడాది వృద్ధితో పాటు "గత శిఖరంతో పోలిస్తే" అనే గడి ఉండాలి.

ఇంకొకటి, నష్టం రాసుకున్న సరుకు సంగతి. 2023 మార్చి మొదట్లో ముగిసిన త్రైమాసికంలో మైక్రాన్ గోదాముల్లోని సరుకు విలువను 1.43 బిలియన్లు తగ్గించి రాసింది. ఆ త్రైమాసిక ఆదాయమే 3.69 బిలియన్లు. అలా తగ్గించి రాసిన సరుకు తర్వాతి త్రైమాసికాల్లో అమ్ముడైనప్పుడు దాని ఖర్చు పుస్తకాల్లో తక్కువగా కనిపిస్తుంది, మార్జిన్ ఎక్కువగా కనిపిస్తుంది. ధర పెరగకుండానే మార్జిన్ లేచిందంటే మొదట అనుమానించాల్సింది దీన్నే. నోట్స్‌లో ఎంత లాభం దీనివల్ల వచ్చిందో రాసి ఉంటుంది, వెతకండి.

పీఈ కూడా ఇక్కడ తలకిందులు. మెమరీ ధరల చక్రం అడుగున లాభమే ఉండదు కాబట్టి పీఈ అర్థం లేకుండా పోతుంది. శిఖరం దగ్గర లాభం ఉబ్బి పీఈ చవగ్గా కనిపిస్తుంది. "పీఈ ఎనిమిదే కదా, చవక" అని కొనే చోటే చాలామంది చిక్కుకుంటారు.

ముందే దొరికే ఆనవాళ్లు

ఫలితాలకు ముందే వచ్చే ఉచిత సమాచారం మూడు చోట్ల ఉంది. తైవాన్ కంపెనీ టీఎస్‌ఎంసీ ప్రతి నెల 10వ తేదీ ప్రాంతంలో అంతకు ముందు నెల ఆదాయం ప్రకటిస్తుంది. ఎన్విడియా, ఏఎండీ, క్వాల్కమ్ మూడూ తమ ముఖ్యమైన చిప్‌లు అక్కడ చేయించుకునేవే. అయితే అది తైవాన్ డాలర్లలో ఉంటుంది, మారకం రేటు కదిలిన నెలలో వృద్ధి శాతం మోసం చేస్తుంది. రెండోది, జనవరి, ఏప్రిల్, జులై, అక్టోబరు ఆఖర్లో లేదా తర్వాతి నెల మొదట్లో మైక్రోసాఫ్ట్, ఆల్ఫాబెట్, అమెజాన్, మెటా చెప్పే క్యాపెక్స్, అంటే పెట్టుబడి ఖర్చు. డేటా సెంటర్లకు పెట్టే ఆ డబ్బులో కొంత మూడు నాలుగు వారాల తర్వాత ఎన్విడియా ప్రకటించే ఆదాయంలో కనిపిస్తుంది, కాస్త ముందూ వెనకగా. మూడోది, అదే రంగంలో ముందు ఫలితాలు చెప్పే కంపెనీల కాల్స్.

ఇక్కడ హైదరాబాద్‌కు ప్రత్యేకమైన హెచ్చరిక ఒకటి. మీ ఫ్లాట్ పక్కింటాయన చిప్ వెరిఫికేషన్‌లో, మీ కజిన్ సర్వర్ల టెస్టింగ్‌లో ఉండే ఊరు ఇది. కంపెనీ ఇంకా బయటపెట్టని ఆర్డరు గురించో, ఆలస్యమైన టేపవుట్ (పూర్తయిన డిజైన్‌ను తయారీకి పంపడం) గురించో టీ కొట్టు దగ్గర విన్న మాట మీద షేరు కొనడం, అమ్మడం రెండూ నేరాలే. చెప్పినవాడి ఉద్యోగమూ పోతుంది. షీట్‌లో ఎక్కే ప్రతి అంకెకూ ఒక బహిరంగ పత్రం వెనక ఉండాలి.

ఆ రాత్రి చదివే వరస

రిలీజు రాగానే పై పేరాలో కంపెనీ అధినేత పొగడ్తలు దాటేయండి. ముందు వచ్చే త్రైమాసికం అవుట్‌లుక్ చూడండి, ఎందుకంటే ధర అక్కడే తేలుతుంది. 2023 మే 24న ఎన్విడియా ప్రకటించిన ఆదాయం 7.19 బిలియన్లే, కానీ తర్వాతి త్రైమాసికానికి 11.0 అంది. ఆ తర్వాతి త్రైమాసికానికి అనలిస్టులు అనుకున్నది 7.15 దగ్గర. మర్నాడు షేరు 24 శాతం లేచింది.

రెండోది గ్రాస్ మార్జిన్. ఆదాయం పెరుగుతుంటే మార్జిన్ తగ్గడం రెండు కారణాల వల్ల జరుగుతుంది: కొత్త తరం చిప్ తయారీ మొదట్లో దిగుబడి తక్కువ, లేదా ధర తగ్గించి అమ్ముతున్నారు. ఎన్విడియాలో 2024 ఏప్రిల్ నుంచి 78.9, 75.7, 75.0, 73.5 శాతాలుగా దిగింది. మొదటి కారణమైతే మళ్లీ పైకి వస్తుంది, రెండోదైతే రాదు. ఏది అన్నది కాల్‌లో తెలుస్తుంది.

మూడోది సరుకు నిల్వ. బ్యాలెన్స్ షీట్‌లోని ఇన్వెంటరీని ఆ త్రైమాసికం అమ్మిన సరుకు ఖర్చుతో భాగించి 91తో గుణిస్తే ఎన్ని రోజుల సరుకు ఉందో వస్తుంది. 14 వారాల త్రైమాసికమైతే 98తో గుణించండి. ఆదాయం కంటే నిల్వ వేగంగా పెరుగుతుంటే ఆగి ఆలోచించాలి. పెద్ద ఉత్పత్తి మొదలయ్యే ముందూ అలాగే పెరుగుతుంది కనుక పూర్తయిన సరుకు పెరిగిందా, సగం తయారైనదా అన్నది చూడాలి. ఆ విడివిడి అంకెలు ప్రెస్ రిలీజులో దొరకవు, తర్వాత ఎస్‌ఈసీకి ఇచ్చే త్రైమాసిక నివేదిక 10-క్యూలో ఉంటాయి. పెద్ద కంపెనీలకు దానికి 40 రోజుల గడువు. పది శాతం పైగా ఆదాయం ఇచ్చే కొనుగోలుదార్లు ఎందరన్నదీ అందులోనే ఉంటుంది. అది పేర్లు లేకుండా ఏ, బీ అని రాసి ఉన్నా చదవాల్సిన పేజీ.

కాల్ మొత్తం వినక్కరలేదు. మొదటి ఇరవై నిమిషాలు రాసుకొచ్చింది చదువుతారు, అది పొద్దున చదువుకోవచ్చు. ప్రశ్నలు, జవాబులే వినండి. ఒకే విషయం ముగ్గురు అనలిస్టులు అడిగారంటే వాళ్ల మోడల్‌లో ఖాళీ గడి అదే.

మార్కెట్ మూశాక కనిపించే ధరను చూసి నిర్ణయం తీసుకోకండి. 2025 నవంబరు 19న ఎన్విడియా 57.01 బిలియన్లు, తర్వాతి త్రైమాసికానికి 65.0 చెప్పింది. రెండూ అంచనాలను దాటాయి. మర్నాడు షేరు అయిదు శాతం దాకా పైన మొదలై, మూడు శాతం పైగా నష్టంతో ముగిసింది. మన లెక్కలో ఏ తప్పూ లేదు. ఆ రోజు మార్కెట్ మొత్తమే దిగింది. ఈ షీట్ కంపెనీని కొలుస్తుంది, ఆ రోజు జనం మూడ్‌ను కొలవదు.

ఆర్‌ఎస్‌యూలు ఉన్నవారికి

ఫలితాల ముందు కొన్ని వారాలు ఉద్యోగులకు ట్రేడింగ్ విండో మూసి ఉంటుంది, ఫలితాలు వచ్చిన ఒకటి రెండు రోజులకు తెరుస్తారు. మీ కంపెనీ విధానం చదవండి, ఎవరికి వర్తిస్తుందో ఒక్కోచోట ఒక్కోలా ఉంటుంది. వెస్ట్ అయిన (షేర్లు మీ పేరున పడిన) రోజు ధర మీద పన్ను జీతంలోనే కోస్తారు, అదే మీ కొనుగోలు ధర. అక్కడి నుంచి 24 నెలలు దాటాక అమ్మితే దీర్ఘకాలిక లాభం మీద 12.5 శాతం, లోపే అయితే మీ శ్లాబు రేటు. రిటర్నులో షెడ్యూల్ ఎఫ్‌ఏ (విదేశీ ఆస్తుల పట్టిక) నింపాలి. అది మన ఆర్థిక సంవత్సరం కాదు, జనవరి నుంచి డిసెంబరు లెక్క. సొంత డబ్బుతో కొనేవారికి ఎల్‌ఆర్‌ఎస్ హద్దు ఏడాదికి రెండున్నర లక్షల డాలర్లు, పది లక్షల రూపాయలు దాటిన మొత్తం మీద 20 శాతం టీసీఎస్ (డబ్బు పంపేటప్పుడే వసూలు చేసే పన్ను) పడుతుంది. అది రిటర్నులో సర్దుబాటు అవుతుంది గానీ అప్పటిదాకా డబ్బు చేతిలో ఉండదు.

ఫలితాల మర్నాడు షేరు పడిందని విండో తెరవగానే అమ్మేయడం కంటే, జీతమూ పొదుపూ ఒకే కంపెనీ మీద ఎంత ఆధారపడి ఉన్నాయో మామూలు రోజున లెక్క వేసుకోవడం మేలు.

షీట్ పనిచేస్తుందో లేదో ఇలా పరీక్షించుకోండి. 2026 జనవరి త్రైమాసికానికి ఎన్విడియా చెప్పినవి కొత్త వరుసలో ఎక్కించండి: ఆదాయం 65.0, నాన్-గ్యాప్ మార్జిన్ 75.0 శాతం, ఖర్చులు 5.0, ఇతర ఆదాయం 0.5, పన్ను 17 శాతం. షేర్లు పైన వేసినట్టే 24.5 బిలియన్లు వేసుకోండి. చివరి గడిలో 1.50 రావాలి. 1.48 వస్తే ఇతర ఆదాయం కలపడం మరిచారు. 1.81 వస్తే పన్ను తీయలేదు.